ఊరు దాటిన పాత్రలు

పదహారో శతాబ్దం మొదట్లో అల్లసాని పెద్దన మనుచరిత్ర రాసేనాటికి మన కావ్యాల్లో ప్రయాణాలకేం కొదవలేదు. దేవతలు, మునులు, రాజులు మూడు లోకాలూ చుట్టివచ్చేవారు. అయితే వాళ్లెవరికీ ఏ చోటూ కొత్తగా ఉండేది కాదు. ఇంద్రుడి కొలువులోకి వెళ్లిన రాజు అక్కడ ఎక్కడ కూర్చోవాలో, ఎవరికి ముందు దణ్ణం పెట్టాలో తెలియక తడబడినట్టు ఏ కవీ రాయలేదు. ఆ తడబాటు ప్రవరుడికి దక్కింది. అరుణాస్పదపురంలో అగ్నిహోత్రం, ముసలి తల్లిదండ్రులు, భార్య, శిష్యులు, వేళకు వచ్చే అతిథులు తప్ప మరో లోకం తెలియని గృహస్థు అతడు. తీర్థాల ముచ్చట్లంటే మాత్రం చెవి కోసుకుంటాడు. సిద్ధుడొకడు ఇచ్చిన పసరు కాళ్లకు పూసుకుని హిమాలయానికి వెళ్తాడు. మధ్యాహ్నానికి మంచు కరిగి పసరు కొట్టుకుపోతుంది. ఇంటికి దారి లేదు.

మార్కండేయ పురాణంలో చిన్న ఘట్టంగా ఉన్న ఈ కథను పెద్దన పెంచి పెద్దది చేశాడు. పెంచిన విధానంలోనే అతని పనితనమంతా ఉంది. కొండల వర్ణన బ్రహ్మాండంగా ఉంటుంది, సరే. ప్రవరుణ్ణి మనం నమ్మేది మాత్రం ఆ వర్ణన వల్ల కాదు. గంధర్వ స్త్రీ వరూధిని ఎదురైతే ఆమెను అతడు మొట్టమొదట అడిగింది తన ఊరికి దారి. ఆ తర్వాతా అతని బెంగంతా వేళ దాటిపోతున్న హోమం గురించి, ఇంట్లో ఎదురుచూసేవాళ్ల గురించి. అంత అందం ముందు నిలబడ్డ మనిషి గడియలు లెక్కపెట్టుకుంటున్నాడు. వరూధినికి ఇదంతా వింతగా తోస్తుంది. ఆమె వైపు నుంచి చూస్తే వింతే మరి. కొత్తచోటు అతణ్ణి ఎలా చూస్తోందో కూడా పెద్దన రాశాడు కాబట్టే ఆ ఘట్టం ఈనాటికీ నిలబడింది. ఆ తర్వాత వచ్చిన ఎందరో రచయితలు ఇందులో సగం పనే చేశారు: మనవాడు లోకాన్ని ఎలా చూశాడో చెప్పారు గానీ లోకం మనవాణ్ణి ఎలా చూసిందో వదిలేశారు.

పెద్దనకు ముందు కాలపు శ్రీనాథుడి పేరు మీద వాడుకలో ఉన్న చాటువులను కూడా ఈ వరసలో చెప్పుకోవాలి. వాటిలో ఎన్ని నిజంగా ఆయనవో పండితులు తేల్చుకోవలసిందే. ఆ పద్యాల్లో మాట్లాడేవాడు మాత్రం మంచి పాత్ర. పల్నాడు వెళ్లి జొన్నకూడు తినలేక, నీళ్లు దొరకక విసుక్కునే ఆ భోగి కవి, ఊరిని తిట్టిపోస్తూ తన నాలుక ఎంత సుకుమారమో బయటపెట్టుకుంటాడు. పల్నాడు వాళ్లు ఆ పద్యాలు చెప్పుకుని నవ్వుకోగలగడానికి కారణం అదే అనుకుంటాను.

వచనం వచ్చేసరికి చూపు మారింది. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో చేసిన కాశీయాత్ర వివరాలు 1838లో అచ్చయ్యాయి. అది కల్పన కాదు. కానీ ఏ మజిలీలో నీళ్లు బాగున్నాయి, ఎక్కడ సరుకులు దొరుకుతాయి, దారి ఇసుకా రాయా అని రాసుకుంటూ పోయిన ఆ కళ్లు తర్వాతి నవలాకారులకు కావలసిన కళ్లే. కొత్త ఊళ్లో దిగినవాడు ముందు గోపురం వంక చూడడు, బావి ఎక్కడుందో చూస్తాడు.

కందుకూరి వీరేశలింగం పాత్రను కొత్తచోట దింపే పనిని రెండు రకాలుగా చేసి చూశారు. రాజశేఖర చరిత్రము (1880) ఆలివర్ గోల్డ్‌స్మిత్ రాసిన ఒక ఇంగ్లీషు నవల ప్రభావంతో పుట్టిన సంగతి అందరికీ తెలిసిందే. ధవళేశ్వరంలో బాగా బతికిన రాజశేఖరుడు ఆస్తి పోగొట్టుకుని కుటుంబంతో కాశీకి బయలుదేరతాడు. కాశీ చేరడు. దారిలో దొంగల పాలబడి పెద్దాపురం ప్రాంతంలోనే నిలిచిపోతాడు. ఇవాళ ధవళేశ్వరం నుంచి అక్కడికి రెండు గంటలు పట్టదు. అయినా ఆ నవలలో అది పరాయి దేశమే, ఎందుకంటే అక్కడ రాజశేఖరుణ్ణి ఎరిగినవాళ్లు లేరు. సొంత ఊళ్లో పొగడ్తల మధ్య బతికినవాడికి పేరు అడిగేవాడే లేకపోవడం కంటే కొత్తచోటు ఏముంటుంది? పరాయితనాన్ని మైళ్లతో కొలవనక్కర్లేదని కందుకూరికి మొదటి నవలలోనే తెలిసిపోయింది.

1890లలో రాసిన సత్యరాజా పూర్వదేశ యాత్రలులో ఆయన వేరే దారి పట్టారు. దీని వెనక గల్లివర్ ఉన్నాడు. సత్యరాజు ఆడుమళయాళం అనే దేశానికి పోతాడు. అక్కడ పెత్తనమంతా ఆడవాళ్లది, మన దగ్గర ఆడవాళ్ల మీద ఉన్న కట్టుబాట్లన్నీ అక్కడ మగవాళ్ల మీద ఉంటాయి. వ్యంగ్యం పదునుగా ఉంది. కానీ సత్యరాజు మనిషిగా గుర్తుండడు, దేశం గుర్తుంటుంది. సంస్కర్త వాదన నెగ్గించే తొందరలో పాత్రకు ఆకలి, నిద్ర, సిగ్గు పెట్టడం మరిచిపోయారనిపిస్తుంది. వింత లోకాలు సృష్టించే మన రచయితలకు ఈ జబ్బు ఇంకా వదల్లేదు.

ఇక పార్వతీశం. మొక్కపాటి నరసింహశాస్త్రి 1924లో బారిష్టర్ పార్వతీశం మొదటి భాగం తెచ్చారు. తక్కిన రెండు భాగాలు దశాబ్దాల తర్వాత వచ్చాయి. జనం నోట నిలిచింది మాత్రం ఆ మొదటి భాగం, అందులోని ప్రయాణం. మొగల్తూరు కుర్రాడు బారిష్టరు చదవాలని మద్రాసు, కొలంబో మీదుగా ఓడెక్కి సీమకు పోతాడు, చివరికి ఎడిన్‌బరోలో తేలతాడు. మొక్కపాటి స్వయంగా ఎడిన్‌బరోలో చదువుకున్నారు. తెలిసిన ఊరు గురించి ఆయన గైడు పుస్తకంలా రాసి ఉండవచ్చు. రాయలేదు. తనకు తెలిసినదంతా దాచిపెట్టి, ఏమీ తెలియని పార్వతీశం చేత చెప్పించారు.

టోపీ సంగతి చూడండి. మద్రాసులో పార్వతీశం ఎంతో ముచ్చటపడి కొనుక్కున్న దొరటోపీ నిజానికి దొరసానులు పెట్టుకునేది. అతనికి తెలియదు. తెలియదని కూడా తెలియదు, అందుకే అంత ధీమాగా పెట్టుకుంటాడు. రచయిత పక్కనుంచి తొంగిచూసి అయ్యో పాపం అనడు. నలుగురూ ఎందుకు నవ్వుతున్నారో అర్థం చేసుకోవడానికి పార్వతీశం కష్టపడుతుంటే, అతనికంటే ఒక క్షణం ముందు మనకు అర్థమవుతుంది. ఆ ఒక్క క్షణం తేడా మీదే నవల అంతా నడుస్తుంది. తేడా ఇంకాస్త పెరిగితే పార్వతీశం వట్టి వెర్రివాడయ్యేవాడు, తగ్గితే హాస్యం చచ్చేది. ఇంకో సంగతి: అతనికి తెలివి లేక ఈ పొరపాట్లు జరగవు. మొగల్తూరు తర్కం ప్రకారం ప్రతిదీ సవ్యంగానే ఆలోచిస్తాడు. బస్తీ మర్యాదలకు ఊళ్లో నేర్చిన కొలతలు వేస్తాడు, కొలత తప్పుతుంది. పల్లెటూరివాణ్ణి బస్తీకి తెచ్చి నవ్వించిన మన సినిమా రచయితలు చాలామంది పార్వతీశం వేషం తీసుకున్నారు గానీ ఆ తర్కాన్ని తీసుకోలేదు.

పార్వతీశానికి మూడేళ్ల తర్వాత, 1927లో, చలం మైదానం వచ్చింది. రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి ఎవరూ మాట్లాడరు, నాకు మాత్రం అవి ఒకే ప్రశ్నకు రెండు జవాబుల్లా కనిపిస్తాయి. వకీలు భార్య రాజేశ్వరి అమీర్‌తో కలిసి ఇల్లు వదిలి ఒక బయలు ప్రదేశానికి పోతుంది. వంటిల్లు, వాకిలి, పనిమనిషి, ఇరుగుపొరుగు ఏవీ లేవు. ఎండ, ఇసుక, నీళ్లు ఉన్నాయి. పార్వతీశం కొత్తచోటును బుర్రతో ఎదుర్కొంటే రాజేశ్వరి ఒంటితో ఎదుర్కొంటుంది. ఆమెది స్వేచ్ఛా, పతనమా అని నూరేళ్లుగా కొట్లాడుకుంటున్న విమర్శకులు ఒక సాంకేతిక విషయం వదిలేశారు. ఆ మైదానం మనకు కళ్లకు కట్టడానికి కారణం, అంతకుముందు ఆమె కాలు నేల మీద పెట్టి నడిచిన స్త్రీ కాకపోవడం. అలవాటైనవాళ్లకు ఎండ ఎండే. ఆమెకు ప్రతి మధ్యాహ్నమూ ఒక సంఘటన.

ప్రయాణం అక్కర్లేకుండా తెలిసిన మనిషిని తెలియని చోటికి తోసెయ్యవచ్చని తేల్చిన కథ పాలగుమ్మి పద్మరాజు గాలివాన. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో దానికి రెండో బహుమతి వచ్చింది. ఈ బహుమతి మాట కథ కంటే ఎక్కువ ప్రచారమైంది, అది కొంచెం దురదృష్టం. రావుగారు రైల్లో ఉపన్యాసానికి పోతున్నారు. సిద్ధాంతాలున్న మనిషి. జీవితంలో ప్రతిదానికీ ఒక పద్ధతి ఏర్పరచుకున్నారు, బిచ్చం వెయ్యకపోవడం కూడా అందులో ఒకటి. అదే పెట్టెలోకి ఒక బిచ్చగత్తె ఎక్కుతుంది. ఆయనకు చిరాకు. తర్వాత గాలివాన, చిన్న స్టేషను, చీకటి.

ఇక్కడ పద్మరాజు చేసినది గమనించాలి. రైలు, స్టేషను, వెయిటింగు రూము అన్నీ రావుగారికి బాగా తెలిసినవే. గాలి వాటి పని పాడుచేస్తుంది. తలుపు తలుపులా ఉండదు, గోడ నమ్మకంగా ఉండదు. ఆ రాత్రి ఆ స్టేషనులో ఇద్దరున్నారు: పరాయివాడైపోయిన పెద్దమనిషి, ఎప్పటిలాగే బతుకుతున్న బిచ్చగత్తె. ఇల్లూ వాకిలీ లేని ఆమెకు తుఫాను కూడా మరో రాత్రే. ఆయన దగ్గరున్న సిద్ధాంతాలేవీ చలికి పనికిరాక ఆమెను పట్టుకుని కూర్చోవలసి వచ్చినప్పుడు మనం నమ్ముతాం, ఎందుకంటే ఆ మార్పు ఆలోచన నుంచి రాలేదు, తడిసిన బట్టల నుంచి వచ్చింది. తెల్లవారాక ఆమె శవం దగ్గర తన పర్సు కనిపించినప్పుడు ఆయనకు కలిగే భావానికి మంచి అనో చెడు అనో పేరు పెట్టడానికి రచయిత ఒప్పుకోలేదు. ఆ బిచ్చగత్తెను దేవతను చేసి ఉంటే కథ అక్కడే కూలిపోయేది.

మగ రచయితలు ఓడలూ రైళ్లూ వెతుక్కుంటూ ఉంటే, తెలుగు దేశంలో సగం మందికి కొత్తచోటు కోసం వెతకనక్కర్లేదు, పెళ్లి చేస్తే చాలు. ఉప్పు డబ్బా ఏ అలమరలో ఉంటుందో, మామగారికి మజ్జిగ ఎంత పుల్లగా ఉండాలో, ఏ గదిలోకి ఏ వేళప్పుడు పోకూడదో తెలియని ఇంట్లో మర్నాటి నుంచి సొంత మనిషిలా మసలవలసిన ఆడపిల్ల కంటే క్లిష్టమైన పరీక్ష ఏ పార్వతీశానికీ రాలేదు. 1950ల తర్వాత వారపత్రికల్లో రాసిన స్త్రీలు ఈ వివరాలను పేరుపేరునా రాశారు. విమర్శకులు దాన్ని వంటింటి సాహిత్యమని పక్కన పెట్టారు.

ఆ వరసలో ముప్పాళ్ల రంగనాయకమ్మ బలిపీఠం గట్టి ఉదాహరణ. 1960ల మొదట్లో వచ్చిన ఈ నవలలో బ్రాహ్మణ వితంతువు అరుణ జబ్బుతో చావు ముందుండగా, ముత్తయిదువుగా పోవాలన్న కోరికతో దళితుడైన భాస్కర్‌ను పెళ్లి చేసుకుంటుంది. చావదు. అసలు కథ అక్కడ మొదలవుతుంది. భర్త మంచివాడు, ఆదర్శవాది. కానీ భర్త తరఫు మనుషులున్నారు, వాళ్ల తిండి ఉంది, మాట ఉంది, చనువు ఉంది. అరుణకు వాళ్లను చూస్తే వచ్చే జంకును రచయిత్రి దాచలేదు, దాన్ని సమర్థించనూ లేదు. ఉపన్యాసాల్లో సులువుగా నెగ్గే కులాంతర వివాహం అన్నం కంచం దగ్గర ఎలా తడబడుతుందో చూపించారు. కోడలు పాత్రను పూర్తిగా మంచిదాన్ని చెయ్యకపోవడం ఆ రోజుల్లో పెద్ద సాహసమే. అదే సమయంలో నాకో అసంతృప్తి ఉంది: ఆ ఇంటివాళ్లకు అరుణ ఎలా కనిపించిందన్నది నవల చాలినంత చెప్పదు. అది తెలియడానికి దళిత రచయితలు కలం పట్టేదాకా ఆగవలసి వచ్చింది.

సినిమాల్లో ఇదే కిటుకును తేలికగా, మహా నేర్పుగా వాడుకున్నది మిస్సమ్మ (1955). క్రైస్తవ యువతి మేరీ ఉద్యోగం కోసం హిందూ భార్యగా నటించవలసి రావడం, ఆ వేషం కోసం పెట్టుకున్న పేరుతో పిలిచినప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండడం. మేరీగా సావిత్రి ఆ విసుగును ఎంత ఒబ్బిడిగా చేసిందంటే, ఉద్యోగమిచ్చిన పెద్దింటి ఆప్యాయత కూడా ఒక ఇరుకే కదా అని మనకూ అనిపిస్తుంది.

1969లో రెండు నవలలు ఈ కథను కొత్త దారి పట్టించాయి, రెండూ తెలంగాణవే. దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్లులో పాణి ఆంధ్ర నుంచి నిజాం రాజ్యంలోని ఒక పల్లెకు బతుకుతెరువు కోసం వచ్చిన సంగీతజ్ఞుడు. దొర గడీలో చోటు దొరుకుతుంది. దొర కూతురికి సంగీతం నేర్పుతాడు. భాష తెలుగే, అయినా అర్థం కాదు. వెట్టి అంటే ఏమిటో, దొర ముందు జనం ఎందుకలా వంగిపోతారో, గడీలో దాసీల బతుకు ఏమిటో అతనికి ఒక్కొక్కటే తెలుస్తుంది. రంగాచార్య ఆ నేలలో పుట్టి పెరిగిన మనిషి. ఆయనకు వింత లేదు. వింత పడడానికి బయటివాణ్ణి పిలిపించుకున్నారు. మొక్కపాటి చేసిన దానికి ఇది సరిగ్గా తిరగేత: అక్కడ రచయిత, పాత్ర ఒకే వైపువాళ్లు, కొత్తచోటుకు పోయారు. ఇక్కడ రచయిత కొత్తచోటు తరఫున కూర్చుని వచ్చినవాణ్ణి చూస్తున్నాడు. అందువల్ల పాణి అజ్ఞానం మీద నవ్వు రాదు, భయం వేస్తుంది. అతనికి తెలియనిదల్లా చుట్టూ ఉన్న ప్రతివాడికీ తెలుసు. అతని మంచితనం కొన్నిచోట్ల కొలతకు మించి కనిపిస్తుందన్నది నిజమే, కానీ పల్లె మాట, పల్లె మౌనం రెండూ అంత కచ్చితంగా పడ్డ నవలలో ఆ లోపం పెద్దగా అడ్డురాదు.

అదే ఏడాది వచ్చిన నవీన్ అంపశయ్యలో రవి ఎక్కడికో దూరం పోలేదు. పల్లె నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టలుకు వచ్చాడు. నవల ఒక్క రోజులో, మెలకువగా ఉన్న గంటల్లో, అతని తలకాయ లోపలే నడుస్తుంది. చైతన్య స్రవంతి అన్న పేరు చెప్పి దీన్ని పాఠ్యాంశం చేసేశాం గానీ, ఆ పద్ధతి ఎందుకు కుదిరిందో చూడాలి. కొత్తచోట ఉన్న బీదవిద్యార్థి బయటికి ఏమీ అనడు. ఎవరి బట్టలు ఎలా ఉన్నాయి, ఎవడు ఇంగ్లీషు ఎలా పలికాడు, జేబులో ఎంత మిగిలింది అన్న లెక్కలన్నీ లోపలే నడుస్తాయి. ఊళ్లో చదువుకున్న కుర్రాడన్న గౌరవం, ఇక్కడ ఊరినుంచి వచ్చిన కుర్రాడన్న చిన్నచూపు, ఈ రెండింటి మధ్య రవి నలిగిపోతాడు. ఆ నవల పేరే రచయితకు ఇంటిపేరై పోయిందంటే, హాస్టలు గదుల్లో ఎంతమంది తమను చూసుకుని ఉంటారో ఊహించుకోవచ్చు.

ఇదే కాలంలో వారపత్రికల సీరియళ్లలో విదేశాలు కుప్పలుతెప్పలుగా వచ్చాయి. వాటి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. హీరో విమానం దిగుతాడు, హోటలు పేరు చెబుతాడు, వంతెన పేరు చెబుతాడు. ఒక్కడికీ చలి వెయ్యదు, ఒక్కడికీ అరగదు. వాటితో పోలిస్తే తెన్నేటి సూరి చెంఘిజ్ ఖాన్ ఎంత ఎత్తున ఉందో! ఆ నవలలో ఒక్క తెలుగు మనిషి లేడు. గోబీ ఎడారి, గుర్రాలు, గుడారాలు, తెగల పగలు. అందులో పాత్రలకు ఆ నేల సొంతం, కొత్తవాళ్లం మనమే. సూరి మనకు దేన్నీ విడమరిచి చెప్పడు, వాళ్ల పనుల్లోంచే మనం నేర్చుకోవాలి. వింతను వింతగా చెప్పకపోవడం వల్లే అది నమ్మదగినదయ్యింది.

అమెరికా 1965లో వలస చట్టం మార్చాక తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు వెళ్లడం పెరిగింది. అక్కడి కథలు పోగుపడడానికి కొంతకాలం పట్టింది. 1990ల నడుమ నుంచి వంగూరి ఫౌండేషన్ సంకలనాలు, 1998లో మొదలైన ఈమాట పత్రిక వాటికి చోటిచ్చాయి. తొలి కథల్లో బెంగ ఎక్కువ, చూపు తక్కువ. ఆవకాయ జాడీ, గుడి, పిల్లల తెలుగు. నిడదవోలు మాలతి లాంటివాళ్లు దీన్నుంచి బయటపడ్డారు. పైకి మామూలుగా, లోపల వెటకారంగా ఉండే ఆమె వచనంలో అమెరికా ఒక విడ్డూరంగా కాక, రోజూ బిల్లులు కట్టవలసిన చోటుగా కనిపిస్తుంది.

నా లెక్కలో ప్రవాస కథల్లో బాగా కుదిరినవి పిల్లల్ని చూడ్డానికి ఆరు నెలల వీసా మీద వెళ్లిన తల్లిదండ్రుల కథలు. సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకు కారుంది, ఆఫీసుంది, తప్పు చేస్తే కప్పిపుచ్చుకునే భాష ఉంది. ఊళ్లో పదిమందికి పంచాయతీ చెప్పిన పెద్దాయనకు అక్కడ కూరగాయలు తెచ్చుకోవాలన్నా కొడుకు తీరిక కావాలి. రాజశేఖరుడి కష్టమే ఇది, దొంగలు మాత్రం లేరు. ఇది రాసేటప్పుడు కూడా మన కథకులు ఒక పొరపాటు చేస్తారు: కోడల్ని దుర్మార్గురాలిని చేసి పని సులువు చేసుకుంటారు. దుర్మార్గం లేకుండానే ఆ ఇల్లు అంత పరాయిగా ఎలా ఉంటుందో రాసిన కథలు కొన్నే.

మిగిలిన ఖాళీలు చాలా పెద్దవి. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి రంగూను వెళ్లిన మన కూలీలను బర్మాలో కోరంగీలనే పిలిచేవారు, ఊరి పేరే వాళ్ల పేరైంది. వాళ్ల బతుకు మీద పార్వతీశానికి తూగగల నవల మనకు లేదు. కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ, కడప నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ల మీద పాటలు వచ్చాయి, వార్తాకథనాలు వచ్చాయి, కథలూ కొన్ని వచ్చాయి. క్యాంపు గదిలో బంకు మంచం మీద, మలయాళీ, నేపాలీ, బంగ్లాదేశీల మధ్య, అరబ్బీ పది మాటలతో నెట్టుకొచ్చే మనిషి రోజు ఎలా గడుస్తుందో లోపలినుంచి రాసిన పెద్ద నవల ఇంకా రావాలి. చదువుకున్నవాడు పరాయిదేశం పోతే రచయిత తోడు వెళ్లాడు. కూలి మనిషి పోతే డబ్బు పంపినట్టు రాశాం, అక్కడితో ఆగాం.

ఇప్పుడు వలస దిక్కు మారింది కూడా. హైదరాబాదులో కట్టే మేడల దగ్గర బిహారు, ఒడిశా, జార్ఖండ్ కూలీలున్నారు, తెలంగాణ వరినాట్లకు సైతం బెంగాల్ నుంచి ముఠాలు వస్తున్నాయి. వాళ్ల కళ్లకు మన అన్నం, మన భాష, మన పలకరింపు, మన అనుమానం ఎలా కనిపిస్తున్నాయో రాయాలంటే రంగాచార్య కూర్చున్న చోట కూర్చోవాలి. ఈసారి వచ్చినవాడికి సంగీతం రాదు, గడీలో గదీ దొరకదు. రేకుల షెడ్డులో ఉంటాడు, మేస్త్రీ ఒక్కడే అతనికి దుబాసీ. అతనికి మనం ఏ పేరు పెట్టి పిలుస్తున్నామో కూడా ఆ నవల రాసేవాడు తెలుసుకుని మొదలుపెట్టవలసి ఉంటుంది.